చెయ్యి ఎత్తనివాడి మనవి

గృహవసతి బోర్డు ఎస్టేట్ అధికారి గారి సముఖమునకు,
ఏడో బ్లాకు నాలుగో అంతస్తులో అద్దెకుంటున్న, మూతపడిన సినిమాహాలుకు మాజీ మేనేజరు అయిన వ్యక్తి రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: మా బ్లాకులో తీస్తున్న పొట్టి సినిమా పూర్తి కాలేదని ధ్రువీకరించుట గురించి, పూర్తి కానందున బ్లాకు కూల్చివేతను నిలుపుట గురించి, సదరు సినిమా పరమ చెత్తగా ఉన్నదని తమ దృష్టికి తెచ్చుట గురించి.

సూచిక: చిత్రీకరణకు తమరు స్వహస్తాలతో ఇచ్చిన అనుమతి, మరియు "సినిమా పూర్తయినట్లు తెలిసినది, కావున వెంటనే ఖాళీ చేయవలసినది" అని తమ కార్యాలయం మా గేటుకు అంటించిన నోటీసు.

పై విషయమును పురస్కరించుకొని తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను ఉద్యోగమంతా సినిమాహాలులోనే చేశాను. తెర వైపు కాదు, జనం వైపు చూస్తూ చేశాను. ఏ సీనుకు జనం ముందుకు వంగుతారో, ఏ సీనుకు బీడీ కాల్చుకోవడానికి బయటికి లేస్తారో నాకు తెలుసు. బొమ్మ ఆడుతుందా ఆడదా అని నన్ను అడగడానికి పంపిణీదారులు నా గదిలో కాఫీ తాగుతూ కాచుకు కూర్చునేవారు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. కాదు, గొప్ప కోసమే చెబుతున్నాను. ప్రస్తుతం మా బ్లాకు నా అభిప్రాయం ఒక్కదాని మీదే నిలబడి ఉన్నది గనక, ఆ అభిప్రాయం ఎలాంటివాడిదో తమరికి తెలియాలి.

2. గత సంవత్సరం ఫర్నిచరు దుకాణం మేడ మీద జరిగిన పొట్టి సినిమాల పోటీకి తమరు ముఖ్య అతిథిగా విచ్చేశారు. నేనూ వచ్చాను. మా మూడో అంతస్తులో ఎడిటింగు చదువుకున్న అమ్మాయి ఒకతె ఉన్నది. వరసేమీ లేకపోయినా నన్ను బాబాయ్ అంటుంది. ఆ పిల్ల బలవంతం మీద వచ్చాను. అమ్మకానికి పెట్టిన సోఫాల మీద, ప్లాస్టిక్ కవర్లు కూడా తీయకుండా, ప్రేక్షకులను కూర్చోబెట్టారు. ఎవరు కదిలినా కరకరమని చప్పుడు. ప్రేక్షకులు అని మర్యాదకు అన్నాను. అక్కడ ఉన్నవాళ్ళంతా దర్శకులే. ఎవడి సినిమా అయిపోగానే వాడు తన అమ్మానాన్నలను, మేనత్తను వెంటబెట్టుకుని చక్కా పోయాడు.

ఆ సినిమాలన్నీ ఒకటే సినిమా. అలారం మోగుతుంది. ఒకడు లేస్తాడు, పళ్ళు తోముకుంటాడు, అద్దంలో తన మొహం తాను చాలాసేపు చూసుకుంటాడు. వాడు చచ్చిపోయి చాలా కాలమయిందని చివర్లో తెలుస్తుంది. ఆ తరవాత కృతజ్ఞతలు మొదలవుతాయి, అవి సినిమాకన్నా పొడుగు. బహుమతి రానివాడు ఒక్కడు లేడు. ఏమీ రానివాడికి "ఉత్తమ ప్రయత్నం" అని ఒక గాజు ముక్క ఇచ్చారు. మా హాలులో టికెట్లు చింపేవాడికి ఇంతకన్నా ఎక్కువ సినిమా తెలుసు.

తమరు మైకు ముందుకు వచ్చి "నలుగురూ కలిసి తీసేదే రేపటి సినిమా" అని మాట్లాడారు. ఎవరో రాసిచ్చిన కాగితాలు తారుమారై, మధ్యలో వందన సమర్పణ కూడా తమరే చదివేశారు. అయినా అందరూ చప్పట్లు కొట్టారు. మా మూడో అంతస్తు అమ్మాయి ఆ మాటలు నమ్మింది. "మా బ్లాకంతా కలిసి ఒక సినిమా తీస్తాం సార్, మీరే మొదలుపెట్టాలి" అని తమ వెంటపడింది.

3. తమరు వచ్చారు. మా మెట్ల మీద నిలబడి మొదటి షాటుకు క్లాపు కొట్టారు. ఆ అమ్మాయి తమకు పద్ధతి చెప్పింది: "ఈ సినిమాకి చెయ్యేసిన వాళ్ళందరూ దర్శకులే సార్. అందరి చేతులూ లేస్తేనే ఏదైనా ఓకే అయినట్టు. ఒక్క చెయ్యి లేవకపోయినా కానట్టే." తమరు కెమెరా వైపు తిరిగి చెయ్యెత్తి, "అయితే నేనూ మీలో ఒక డైరెక్టర్నేనమ్మా" అని నవ్వారు. రోజుకొక ముక్క తీస్తాము గనక మధ్యలో గోడ రంగు మారినా ఇబ్బందే అని ఆ పిల్ల అన్నది. తమరు అక్కడే మెట్టు మీద కూర్చుని అనుమతి రాశారు: "సదరు సినిమా పూర్తయినట్లు దర్శకులందరూ చేతులెత్తి అంగీకరించువరకు ఈ బ్లాకులో గోడ గాని, మెట్టు గాని, తలుపు గాని కదల్చరాదు."

మా బ్లాకు కూల్చివేత ఫైలు అప్పటికే తమ బల్ల మీద ఉన్న సంగతి తమకు గుర్తు రాలేదు. ఫోటోలు తీస్తున్నారు గదా.

4. ఇక సామూహిక చిత్ర నిర్మాణం అనబడే ఆ నిర్వాకం గురించి. మొదటి నెలంతా వీళ్ళు తీసినది కొళాయి కింద ఒక బకెట్టు. బకెట్టు ఎర్రగా ఉండాలా నీలంగా ఉండాలా అని సాయంత్రం దాకా తర్జనభర్జన. మూడో అంతస్తు నర్సు ఎరుపన్నది. కింది గదిలో ఉండే ఇస్త్రీ అతను నీలమన్నాడు. ట్యూషన్ మాస్టారు రెండూ వద్దు, స్టీలు బిందె పెడదామన్నాడు. చివరికి అందరూ బిందెకు చేతులెత్తేసరికి నీళ్ళు ఆగిపోయాయి.

కెమెరా కూడా చేతులు మారుతుంది. నర్సు తీస్తే ప్రతి మనిషీ మంచం మీద పేషెంటులాగా పైనుంచి కనబడతాడు. మాస్టారు తీస్తే గోడ మీది బోర్డులన్నీ స్పష్టంగా ఉంటాయి, మనుషులకు తలలుండవు. మా హాల్లో ఇలాంటి బొమ్మ వేస్తే కుర్చీలు విరగ్గొట్టేవాళ్ళని నేను ఆ అమ్మాయితో అన్నాను.

"కుర్చీలుంటే కదా బాబాయ్ విరగ్గొట్టడానికి. అసలు మీ హాలే లేదు" అన్నది.

చదువుకున్న పిల్లల నోళ్ళు ఇలా ఉన్నాయి. ఇది కూడా తమ దృష్టికి తెస్తున్నాను.

5. కథ. ఒక ముసలావిడ నాలుగో అంతస్తు నుంచి మెట్లు దిగి గేటు దాకా వస్తుంది. అయిపోయింది. హీరో మేడ మీది నుంచి దూకితే చొక్కాలు చించుకున్న జనాన్ని చూసినవాడిని నేను. ఇక్కడ ఒకావిడ మెట్టు మెట్టుకూ ఆగుతుంది. ఆ వచ్చేటప్పుడు ఎవరి గుమ్మంలో వాళ్ళు తమ పని చేసుకుంటూ ఉంటారు. దీన్ని కథ అంటున్నారు.

ఆ ముసలావిడ మా వదిన. మా అన్నయ్య పోయినప్పటి నుంచి నాకు అన్నం పెడుతున్నది ఆవిడే. పెళ్ళి చేసుకోమని పోరి పోరి, నా మొండితనం చూసి, ఇక నన్ను "మేనేజరూ" అని ఎగతాళిగా పిలవడం మొదలుపెట్టింది. ఆవిడకు చూపు పోయి చాలా కాలమయింది. అయినా రోజూ పొద్దున ఒక్కతే దిగి, గేటు పక్కన అరుగు మీద కాసేపు కూర్చుని, ఒక్కతే ఎక్కి వస్తుంది. గోడ మీద చెయ్యి వేసి నడుస్తుంది. నాలుగో అంతస్తు మలుపులో పెచ్చు ఊడినచోట తమవాళ్ళు సిమెంటు మెత్తి, నున్న చేయకుండా వదిలేశారు. అది ఆవిడకు గుర్తు. మూడో అంతస్తులో నర్సు వాళ్ళ వంటింటి గోడ వెచ్చగా ఉంటుంది. రెండో అంతస్తు కటకటాలో ఒక ఊచ వదులు, తగిలితే మోగుతుంది. కింద ఇస్త్రీ అతని గది నుంచి ఆవిరి మొహానికి కొడుతుంది. ఆ తరవాత గేటు.

మా మెట్ల మీద లైటు లేదు. వేయించమని నేను పెట్టుకున్న అర్జీలు తమ కార్యాలయంలో దేనికి ఉపయోగపడుతున్నాయో నాకు తెలియదు. పొద్దుగూకితే మేమందరం ఆవిడ వెనకాల నడుస్తాము.

తమరు మాకు కేటాయించిన కొత్త ఇళ్ళు కూడా చూసి వచ్చాము. లిఫ్టు ఉంది, పలకలు పరిచారు, ఏ అంతస్తు చూసినా అచ్చు గుద్దినట్టు ఒకటే. వదిన ఆ వసారా గోడ మీద అరచెయ్యి ఆనించి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. "ఇదేం గోడరా, కంచంలా ఉంది. నేనెక్కడున్నానో చెప్పదే" అన్నది.

6. ఇప్పుడు అసలు ఫిర్యాదు. ఆఖరి షాటు. వదిన పైనుంచి గేటు దాకా ఆగకుండా ఒకే షాటులో దిగాలి. వీళ్ళ సంఘంలో "కట్" అని ఎవరూ అరవకూడదు. అరిస్తే ఒకడు దర్శకుడు, మిగతావాళ్ళు కూలీలు అయిపోతారట. చాలు అనిపించినవాళ్ళు చప్పుడు చేయకుండా చెయ్యెత్తాలి. అందరి చేతులూ లేచాక కెమెరా ఆపాలి. చూపు లేని మనిషిని నడిపిస్తూ, చప్పుడు చేయకుండా చేతులెత్తే తెలివితేటలు ఇంకెక్కడా ఉండవు.

దానికీ ఒక ఏర్పాటు చేశామన్నారు. అందరి చేతులూ లేవగానే ట్యూషన్ మాస్టారు గేటు ఊచ మీద టక్కుమని కొట్టాలి, వదిన ఆగిపోవాలి. కాని మాస్టారి ఒక చేతిలో మైకు కర్ర ఉన్నది. రెండో చెయ్యి ఓటు కోసం పైకెత్తాడు. ఊచ కొట్టడానికి మూడో చెయ్యి లేదు. కెమెరా పట్టుకున్న ఇస్త్రీ అతనిదీ అదే అవస్థ. ఒక చేత్తో కెమెరా, రెండో చెయ్యి గాలిలో, బొత్తాం నొక్కే దిక్కు లేదు. బస్సులో పైకడ్డీ పట్టుకున్న వాళ్ళలాగా అందరూ చేతులెత్తుకుని నిలబడి ఉంటే, మా వదిన వాళ్ళ మధ్యలోంచి నడుచుకుంటూ గేటు దాటి రోడ్డు మీదికి వెళ్ళిపోయింది. ఈ వెర్రివాళ్ళు ఆపడానికి బదులు కెమెరాతో సహా ఆవిడ వెనకాల వెళ్ళారు.

నేను బనియను మీద పైన బాల్కనీలో ఉన్నాను. అది చూశాను. మెట్లు ఎలా దిగానో తెలియదు. ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, అందరినీ నోటికొచ్చినట్టు తిట్టాను. అమ్మాయి ఏడ్చింది. వదిన మాత్రం మంచినీళ్ళడిగి తాగింది. మర్నాడు వీళ్ళు సమావేశమై, ఆ షాటు తీసేయకూడదని, నా బనియనుతో సహా యథాతథంగా ఉంచాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.

7. పూర్తయిందంటున్న సినిమాను ఆ అమ్మాయి మా అందరికీ తన కంప్యూటరు మీద చూపించింది. ధ్వని ఇంకా అతికించలేదు, బొమ్మ మాత్రమే. ముసలావిడ దిగుతుంది, దిగుతుంది, దిగుతూనే ఉంటుంది. చివర్లో రోడ్డు మీద నిలబడుతుంది. బనియను వేసుకున్న ఒక లావుపాటి మనిషి పరుగెత్తుకొస్తాడు. మిగతావాళ్ళందరూ చేతులెత్తారు. వదినకు ప్రతి షాటూ చెవిలో చెప్పారు, ఆవిడా ఎత్తింది. ఆ రోజు గోడ పగులు కొలవడానికి వచ్చిన తమ జూనియర్ ఇంజనీరు కూడా ఎత్తాడు. ఆయన ఇంతకుముందు ఒకసారి కొలతకు వచ్చి సినిమాలో పడ్డాడు, చొక్కా నలిగిందని ఇంకో టేకు అడిగి మరీ చేయించుకున్నాడు. సినిమా పూర్తయిందని తమకు చెప్పినది ఆయనే అయి ఉండాలి. తాను ఉన్న షాటు అయ్యాక ఆయన దేన్నీ చూడలేదు. పొట్టి సినిమా మనిషే.

నేను చెయ్యెత్తలేదు.

ఈ అమాయకులకు సినిమా ఎప్పుడు పూర్తవుతుందా అన్న ఆత్రమే గాని, పూర్తయితే నెత్తి మీది కప్పు పోతుందన్న స్పృహ వీసమెత్తు లేదు. కనీసం దొంగగా ఒక్కరు చెయ్యి దించండి అని నేను అడిగాను. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. "బాగుంటే ఎత్తాలి, బాలేకపోతే ఎత్తకూడదు. ఇల్లు కోసం అబద్ధమాడితే ఇంక మనం తీసిందేంటి బాబాయ్?" అన్నది. అయితే నాది అబద్ధం కాదని చెప్పాను. నిజంగానే బాగాలేదు. మనస్ఫూర్తిగా, పూర్ణ ఆరోగ్యంతో, ఎవరి ఒత్తిడీ లేకుండా బాగాలేదు.

కావున అయ్యా, తమరే రాసిన అనుమతి ప్రకారం దర్శకులందరూ చేతులెత్తలేదు. నేను ఈ సినిమాకు చెయ్యి వేయను పొమ్మన్నా, నా బనియను అందులో ఉన్నది గనక నేనూ దర్శకుడినే అని వాళ్ళే తేల్చారు. ఒక్క చెయ్యి లేవలేదు, సినిమా కాలేదు. గేటుకు అంటించిన నోటీసును తొలగించవలసినదిగా, సదరు చెత్త సినిమా పూర్తయ్యేదాకా, అనగా నేను బతికి ఉన్నంతకాలం, బ్లాకు జోలికి రాకుండా ఉండవలసినదిగా వేడుకొనుచున్నాను. దీనిని తమ చిత్తానికి తోచినట్లు కాక, తమ అనుమతిలో ఉన్నట్లు చిత్తగించవలెను.

ఇట్లు,
వేరే దారి లేక తమ విధేయుడు,
నాలుగో అంతస్తు మేనేజరు

తాజా కలం: పై అర్జీ కవరులో పెట్టి అంటించబోతుండగా, ధ్వని అతికించడం అయిపోయిందని, డాబా మీద దుప్పటి కట్టి వేస్తున్నామని ఆ అమ్మాయి పిలిచింది. రానన్నాను. వదిన వింటానన్నది. ఆవిడను పైకి తీసుకెళ్ళడానికని వెళ్ళాను. ముందు జాగ్రత్తగా కుడిచెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను. వదిన పక్కన కుర్చీలో, ఎప్పటిలాగే నా భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నది.

మెట్లు దిగడం మొదలయింది. ఈసారి వినబడుతున్నది. సిమెంటు గరుకు మీద అరచెయ్యి రాసుకుపోయే చప్పుడు. నర్సు వాళ్ళ స్టవ్వు. వదులు ఊచ. ఇస్త్రీ పెట్టె కింద ఆవిరి బుస్సుమనడం. నేను అలవాటు కొద్దీ తెర వదిలేసి జనం వైపు చూశాను. అందరూ ముందుకు వంగి ఉన్నారు. ఎవరూ లేవలేదు. ఆ తరవాత గేటు చప్పుడు, రోడ్డు. తెర మీద వదిన చెయ్యి పక్కకు చాచి, వెతికి, ఇంకాస్త చాచింది. అక్కడేమీ లేదు. అప్పుడు ఆవిడ ఒక మాట అన్నది. నేను అప్పటికి ఇంకా మెట్ల మీదే ఉన్నాను గనక నాకు వినబడలేదు. మాస్టారి మైకులో పడింది. చాలా మెల్లిగా అన్నది.

"ఒరే మేనేజరూ, గోడేదిరా?"

నా భుజం మీది చెయ్యి బిగుసుకుంది. మైకులో తన గొంతు ఆవిడ ఎన్నడూ విని ఎరగదు. నా చెవి దగ్గరికి వంగి, "ఎవర్రా ఆవిడ, పాపం? అంత భయపడుతోంది?" అని అడిగింది.

"నువ్వే వదినా" అన్నాను.

అయ్యా, నా చెయ్యి ఎప్పుడు లేచిందో నాకు తెలియదు. అందరికన్నా ముందు ఆవిడకే తెలిసింది, భుజం కదిలింది గదా. "దించరా! మతి పోయిందా? ఇల్లు పోతుంది, దించు" అని నా చొక్కా పట్టుకుని గుంజింది. దించలేకపోయాను. అంత బాగుంది. ఇన్నేళ్ళలో మా హాలులో అలాంటి బొమ్మ ఒక్కటి ఆడలేదు. పైన ఏడో పేరా కొట్టివేసినట్లు భావించవలెను.

అందరూ నా వైపు తిరిగారు. అప్పుడు ఆ అమ్మాయి, రూలంటే రూలే అనే ఆ మొండిఘటం, లేచి నిలబడి, "ఇంకో చెయ్యి ఉంది బాబాయ్" అన్నది. మొదటి షాటు వేసి చూపించింది. తమరు క్లాపు పట్టుకుని, చెయ్యెత్తి, నేనూ మీలో ఒక డైరెక్టర్నేనమ్మా అంటున్నారు. తమరు ఇంకా సినిమా చూడలేదు. చూడనివాళ్ళ చెయ్యి చెల్లదు. కనుక సినిమా ఇంకా కాలేదు.

తమ గురించి పైన రాసిన మాటలు వేటినీ వెనక్కి తీసుకోవడం లేదు. అయినా ఒకసారి రండి. ఏ సాయంత్రమైనా సరే, దుప్పటి కట్టే ఉంచుతాము. వదిన పక్కన కుర్చీ వేయిస్తాను. చూడండి. చెయ్యి లేవకుండా ఉండడం చాలా కష్టం, నేను పడ్డాను గనక చెబుతున్నాను. తొడ కింద పెట్టుకున్నా ఆగదు. ఎలా ఆపుకుంటారో తమ ఇష్టం.

నాలుగు అంతస్తులు ఎక్కాలి. మెట్ల మీద లైటు లేదు. గోడ పట్టుకుని రండి.